బోర్డు చూసి కాదు, రోడ్డు చూసి వేగం: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: లైన్లో ఒక శ్రోత ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం మేడమ్. మా ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేశారు. అప్పట్నుంచి బండ్లు దూసుకెళ్తున్నాయి. పిల్లల్ని బడికి పంపాలంటే టెన్షన్. 30 దాటకూడదని బోర్డు పెట్టారు గానీ ఎవరూ పట్టించుకోరు. పోలీసుల్ని పెట్టమని అడగమంటారా?

నిపుణురాలు: పోలీసు ఉన్నంతసేపే ఆ భయం ఉంటుందమ్మా. బండి నడిపేవాళ్లు బోర్డు చూసి కాదు, రోడ్డు చూసి వేగం పెంచుతారు. ఎదురుగా తిన్నగా, వెడల్పుగా, ఖాళీగా కనిపిస్తే నెమ్మదిగా నడిపేవాళ్లు కూడా తెలియకుండానే వేగం అందుకుంటారు. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 50కి పెరిగితే దెబ్బలో ఉండే శక్తి దాదాపు 2.8 రెట్లు అవుతుంది. బ్రేకు నొక్కాక బండి ఆగడానికి పట్టే దూరమూ అంతే పెరుగుతుంది. పిల్లలు తిరిగే చోట అంత వేగానికి వీలిచ్చే రోడ్డు వేయడమే తప్పు.

శ్రోత: మరి స్పీడ్ బ్రేకర్ అడగమంటారా?

నిపుణురాలు: అడగండి. దానికంటే ముందు మూల మలుపులు చూడండి. మలుపు విశాలంగా ఉంటే బండి వేగం తగ్గించకుండానే తిరిగిపోతుంది. అక్కడ ఫుట్‌పాత్‌ను కాస్త రోడ్డులోకి జరిపితే బండి నెమ్మదించక తప్పదు, మీరు దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. ఇంకోటి, క్రాసింగ్‌ను ఆనుకుని బండ్లు ఆపనివ్వకూడదు. ఆగి ఉన్న వ్యాను వెనక నుంచి పాప రోడ్డు మీదికి వచ్చేదాకా డ్రైవరుకు కనిపించదు. అమెరికాలోని హోబోకెన్ పట్టణం మూల మలుపుల దగ్గర ఇలాగే ఖాళీ చేయించింది. 2017 తర్వాత ఏళ్ల తరబడి అక్కడి వీధుల్లో ప్రమాదాల్లో ఎవరూ చనిపోలేదు.

శ్రోత: డబ్బుల్లేవు అంటారు మేడమ్.

నిపుణురాలు: పెయింటు, ప్లాస్టిక్ స్తంభాలు చాలమ్మా. కొన్ని వారాలు పెట్టి చూసి, పనిచేస్తే అప్పుడు సిమెంటుతో కట్టమనండి.

యాంకర్: ఒక కౌన్సిలర్ గారు లైన్లోకి వచ్చారు.

కౌన్సిలర్: మేడమ్, మాకు నిజంగానే డబ్బుల్లేవు. ఊరి బయట కొత్త లేఅవుట్ వస్తోంది. రోడ్లు, పైపులు అన్నీ ఆ లేఅవుట్ వేసేవాళ్లే వేసి మాకు అప్పగిస్తామంటున్నారు. ఉచితమే కదా, ఒప్పుకోవచ్చా?

నిపుణురాలు: వేయడం వరకే ఉచితం సార్. అప్పగించిన రోజు నుంచి బాగు చేయించాల్సింది మీరే. కొన్నేళ్లకు ఆ రోడ్డు మళ్లీ వేయాలి, పైపులు మార్చాలి. మీరు సంతకం పెట్టే ముందు రోడ్డు ఎన్ని మీటర్లు, పైపు ఎన్ని మీటర్లు, ఆ ఇళ్ల నుంచి ఏటా వచ్చే పన్ను ఎంత అన్నది ఒక్క కాగితం మీద రాయించండి. ఇళ్లు దూరదూరంగా ఉంటే ఒక్కో ఇంటికి ఎక్కువ మీటర్ల ఖర్చు పడుతుంది. తర్వాత మీ పాత బజారు వీధిని అలాగే లెక్కగట్టండి. కింద దుకాణం, పైన ఇల్లు, గోడకు గోడ ఉన్న వీధి చాలా పట్టణాల్లో ఎకరానికి ఎక్కువ పన్ను తెచ్చిపెడుతుంది. మనం మాత్రం దాన్ని ఇరుకని తిట్టుకుంటూ, బయటి రోడ్లకు ఖర్చు పెడుతున్నాం. నాకు బాధగా ఉండేది అక్కడే.

కౌన్సిలర్: ఆ బజారులో కార్లు తగ్గిస్తే వ్యాపారం పోతుందని దుకాణాల వాళ్లు గొడవ చేస్తారు.

నిపుణురాలు: వాళ్ల భయం న్యాయమైనదే. స్పెయిన్‌లోని పొంటెవెద్రాలో 1999 నుంచి నడిబొడ్డు వీధులను నడిచేవాళ్లకు ఇచ్చేశారు. సరుకు దింపుకోవడానికి బండ్లు రానిచ్చారు. జనం అక్కణ్ణుంచి పోలేదు, అక్కడ ఇళ్లు తీసుకుని ఉండేవాళ్లు పెరిగారు. మీరు మొత్తం బజారు జోలికి వెళ్లొద్దు, ఒక్క వీధితో మొదలుపెట్టండి.

కౌన్సిలర్: ఏ వీధితో?

నిపుణురాలు: బడి దగ్గరున్న వీధితో. బడి విడిచే వేళకు మీ ఇంజినీరును తీసుకెళ్లి నిలబడండి. పిల్లలు, పెద్దవాళ్లు ఎక్కడ దాటడానికి తటపటాయిస్తున్నారో అక్కడే పెయింటు వేయించండి. లేఅవుట్ ఫైలు ఆ లెక్క వచ్చేదాకా పక్కన ఉంచండి.

కౌన్సిలర్: ఆ లెక్క ఈ వారమే వేయిస్తాను మేడమ్.

యాంకర్: ధన్యవాదాలు సార్. తర్వాతి కాల్ తీసుకుందాం.