కత్తిపీట మీద కవిత
(తెలుగు ఉపాధ్యాయుల కార్యశాలలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన పాఠ్యపుస్తకాల్లో పాఠం చివర సృజనాత్మకత అని ఒక భాగం ఉంటుంది. దాని కింద 'ఒక కవిత రాయండి' అని ఉంటుంది. పిల్లలు ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. గైడు తెరుస్తారు. చెట్టు మీదో, అమ్మ మీదో, దేశం మీదో క్లాసు మొత్తం ఒకే కవిత రాసుకొస్తుంది. మనం టిక్కు పెడతాం. ఇందులో పిల్లల్ని అనడానికేం లేదు. పచ్చని చెట్టు, చల్లని తల్లి లాంటి మాటలు వాళ్లు పుట్టకముందే అరిగిపోయాయి. ఆ విషయాల మీద కొత్తగా ఒక్క ముక్క రాయడం పేరున్న కవులకే కష్టం.

కత్తిపీట మీద మాత్రం ఏ గైడులోనూ కవిత ఉండదు. అందుకే ఈ పూట వస్తువుల గురించి మాట్లాడదామనుకున్నాను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. అగ్గిపుల్లనీ సబ్బుబిళ్ళనీ శ్రీశ్రీ ఎప్పుడో కవిత్వంలోకి పిలిచాడు. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో. ఆ పంక్తులు పిల్లలతో కంఠస్థం చేయిస్తాం, అప్పజెప్పించుకుంటాం, ఆ వెంటనే 'ప్రకృతి మీద కవిత రాయండి' అంటాం! చిలీ కవి పాబ్లో నెరూడా 1954 నుంచి వరసగా ఉల్లిపాయ మీద, ఉప్పు మీద, తనకొకరు అల్లి ఇచ్చిన ఉన్ని మేజోళ్ల మీద కవితలు ప్రచురించాడు. వాటిలో చాలా భాగం వెనిజులాలోని ఒక దినపత్రిక కోసం రాసినవి. సాహిత్యం పేజీలో కాదు, వార్తల మధ్య వేయండి అని ఆయనే అడిగాడట. ఉల్లిపాయతో ఆయన ఏమంటాడంటే, మాకు ఏ దుఃఖమూ కలిగించకుండానే మమ్మల్ని ఏడిపించావు అంటాడు. అది కూర తరిగే ప్రతి మనిషికీ తెలిసిన సంగతే.

క్లాసులో చిక్కు ఎక్కడ వస్తుందంటే, 'చీపురు గొప్పతనం మీద రాయండి' అన్నప్పుడు. అలా అడిగితే 'ఓ చీపురా, నీవు లక్ష్మీదేవివి, నీవు లేనిదే మా ఇల్లు లేదు' అని వస్తుంది. అది కవిత కాదు, సన్మానపత్రం. ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది. అందుకని నేను గొప్పతనం అనే మాటే ఎత్తను. ఎక్కడ అరిగింది? ఎవరు ఎక్కువగా ముట్టుకుంటారు? పని లేనప్పుడు ఎక్కడ పడుంటుంది? మీ ఇంటికి ఎలా వచ్చింది? ఇవి అడుగుతాను. ఈ చివరి ప్రశ్న చాలా దూరం తీసుకెళుతుంది. ఒకమ్మాయి స్టీలు బిందె గురించి రాయాలని ఇంటికెళ్లి, దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేరు చదివింది. అది వాళ్ల నాయనమ్మ పుట్టింటి పేరు. రోజూ ఆ బిందెతో నీళ్లు పట్టే పిల్ల అంతకుముందు ఆ పేరు చదవనే లేదు.

ఎలా మొదలుపెట్టాలి అంటారా, పొడుపు కథతో. 'అడవిలో పుట్టింది, మేదరింట్లో మెలిగింది, ఒంటినిండా గాయాలు, కడుపునిండా గేయాలు.' పిల్లనగ్రోవి. ఇందులో అందమైన, మధురమైన లాంటి విశేషణం ఒక్కటైనా ఉందేమో చూడండి. ఎక్కడ పుట్టింది, ఎవరింట్లో తయారైంది, ఒంటికేమైంది, లోపల ఏముంది, అంతే. మన పిల్లలకు వస్తువును ఇలా చూడటం ముందే వచ్చు. కాబట్టి మొదటి రోజు ఎవరి వస్తువు మీద వాళ్లు పొడుపు కథ రాయాలి, మిగతావాళ్లు విప్పాలి. ఎవరూ విప్పలేకపోతే రాసినవాడు సరిగ్గా చూడలేదన్నమాట. మళ్లీ చూసి రాస్తాడు. రెండో రోజు దాచిన పేరును పైకి తెచ్చి, ఆ వస్తువుతోనే మాట్లాడమంటాను.

ఓయి, ఓరి, ఓసి సంబోధన ప్రథమా విభక్తి అని వల్లె వేయిస్తాం కదా, దానికి పని పడేది ఇక్కడే. గరిటెను 'ఒసేయ్ గరిటా' అని పిలిస్తే ఒక కవిత వస్తుంది, 'గరిటమ్మా' అంటే ఇంకొకటి. ఒకడు 'బెత్తం గారూ, మీరు' అని మొదలుపెట్టి క్లాసును నవ్వించాడు. పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. వాడికి బెత్తంతో అంత పరిచయం ఎలా కలిగిందో నేను అడగలేదు. వస్తువుతో మాట్లాడటం వాళ్లకు వింతేమీ కాదు. దసరాకి కుట్టుమిషనుకీ ఆటోకీ బొట్టు పెట్టే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు కదా. ఒక ఆరో తరగతి అమ్మాయి ఇలా రాసింది:

కుక్కరూ,
నువ్వు మూడుసార్లు అరిస్తే
అమ్మ స్టవ్ ఆపేస్తుంది.
నేను ఒక్కసారి అరిస్తే
నన్నే ఆపేస్తుంది.

ప్రాస సంగతి. న్యూయార్క్‌లో కెనెత్ కోక్ అనే కవి 1960ల చివర్లో ఒక ప్రాథమిక పాఠశాలలో కవిత్వం నేర్పుతూ పిల్లలను ప్రాస మానేయమన్నాడు. ప్రాస కుదర్చాలన్న తాపత్రయంలో అనుకున్నది అనలేకపోతారని. మనకు ఇబ్బంది ఇంకోరకం. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ప్రాస ఉచితంగా దొరుకుతుంది. ఊడుస్తావు, దులుపుతావు, మెరుస్తావు. ఎంతసేపైనా రాయొచ్చు, చూడాల్సిన అవసరమే ఉండదు. అందుకని క్రియను జరిపి చూడమంటాను. ఒక అబ్బాయి కత్తిపీట కవితలో చివర 'ఆ కోపమంతా వంకాయ మీద తీర్చుకుంటావు' అని ఉండేది. జరిపాక ఇలా అయింది:

కత్తిపీటా,
అమ్మమ్మ నిన్ను కాలితో తొక్కిపట్టినా
ఏమీ అనవు.
వంకాయ మీద తీర్చుకుంటావు
ఆ కోపమంతా.

వస్తువును ఎంచుకునే దగ్గర జాగ్రత్త కావాలి. 'మీకు ఇష్టమైన వస్తువు' అని మాత్రం అనకండి. ఒకడు ట్యాబ్ అంటాడు, పక్కవాడు తల దించుకుంటాడు. అందరి ఇళ్లలోనూ ఉండేదే అడగండి. గురుకులాల్లో అయితే ట్రంకుపెట్టె ఉండనే ఉంది. మూత మీద పెయింటుతో రాసిన పేరు, లోపల పచ్చడి సీసా, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి. నన్నడిగితే కవితకు అంతకంటే మంచి వస్తువు లేదు. అమెరికాలో వారాంతపు తెలుగు బడులు నడిపే మిత్రులకు పోపులపెట్టె చెబుతుంటాను. అక్కడి పిల్లలకు దాని గళ్లలో ఉన్న దినుసుల పేర్లే సగం పాఠం.

రాసిన రోజున అక్షరదోషాలు దిద్దకండి. పైకి చదివించండి చాలు. ఒత్తులు, దీర్ఘాలు మర్నాడు చూసుకోవచ్చు. మార్కులు అసలే వద్దు. ఇది కొందరు హెడ్‌మాస్టర్లకు నచ్చదు, రికార్డులో ఏం చూపించాలంటారు. గోడకు అంటించి ఆ గోడనే చూపించండి.

పిల్లలు రాస్తున్నప్పుడు మనమూ రాయాలి. బల్లల మధ్య తిరుగుతూ కాపలా కాస్తే వాళ్లకు పరీక్ష టెన్షన్ వస్తుంది. టీ రావడానికి ఇంకా పావుగంట ఉందంటున్నారు. జేబులోంచో సంచిలోంచో ఒక వస్తువు తీసి బల్ల మీద పెట్టండి. ఫోన్ వద్దు. ఐదు పంక్తులు చాలు. దాని పేరు మాత్రం ఇప్పుడే రాయకండి, పక్కవారు కనుక్కోవాలి.