జెల్‌లో పడిన గీత

శ్రోతలకు నమస్కారం. జులై 28ని ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుకుంటాం. అది బరూక్ బ్లంబర్గ్ పుట్టినరోజు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఆచూకీ పట్టిన ఈ అమెరికన్ పరిశోధకుడికి 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. నిజానికి ఆయన కామెర్ల వైరస్ కోసం వెతకనే లేదు. దొరికినదాన్ని కూడా ముందు రక్త క్యాన్సర్‌కు ముడిపెట్టి చూశారు!

ఆ పరీక్ష ఎలా చేశారో చెబుతాను. గాజు పలక మీద అగార్ జెల్ పలచగా పోసి, గట్టిపడ్డాక మధ్యలో ఒక గుంట, చుట్టూ మరికొన్ని గుంటలు చేస్తారు. మధ్య గుంటలో హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, పోస్తారు. అతనిదే ఎందుకు? మాటిమాటికీ రక్తం ఎక్కించుకున్న ఒంట్లో పరాయి ప్రోటీన్ల మీద యాంటీబాడీలు తయారై ఉంటాయి కనుక. చుట్టూ గుంటల్లో వేరువేరు జనాల సీరం పోస్తారు. అన్నీ జెల్‌లోకి మెల్లగా ఇంకుతాయి. యాంటీబాడీకి తగిన యాంటిజెన్, అంటే అది పట్టుకునే పరాయి పదార్థం, ఎదురైతే, రెండూ కలిసినచోట తెల్లటి గీత పడుతుంది.

1963లో బ్లంబర్గ్, తోటి పరిశోధకుడు హార్వీ ఆల్టర్ అలా 24 సీరాలు పెట్టి చూస్తే ఒక్కదానికే గీత పడింది. అది ఆస్ట్రేలియా ఆదిమవాసి ఒకరి సీరం. అంతకుముందు చూసిన గీతలకు కొవ్వును చూపే రంగు బాగా పట్టేది. ఈ గీతకు అది సరిగా పట్టలేదు, ప్రోటీన్‌ను చూపే ఎర్ర రంగు పట్టింది. అంటే ఇది వేరే ఏదో. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు.

ఆరోగ్యంగా ఉన్న అమెరికన్లలో అది దాదాపు కనిపించలేదు. ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల్లో మాత్రం సుమారు పదిమందిలో ఒకరికి గీత పడింది. ఇది పుట్టుకతో వచ్చే లక్షణమా, అది ఉన్నవాళ్లకు ల్యుకేమియా ముప్పు ఎక్కువా? ఆ ముప్పు డౌన్ సిండ్రోమ్ వారికి ఎక్కువ కనుక వాళ్లనీ పరీక్షించారు. పెద్ద పెద్ద వసతి గృహాల్లో ఉండేవాళ్లలో చాలామందికి గీత పడింది. ఊహ నిజమైనట్టే అనిపించింది.

1966లో ఆ ఊహ తలకిందులైంది. మొదట గీత పడని ఒక వ్యక్తికి కొన్ని నెలల తర్వాత పడింది. పుట్టుకతో వచ్చేదైతే మధ్యలో ఎలా వస్తుంది? కాలేయ పరీక్షలు చేస్తే హెపటైటిస్ అని తేలింది. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాలోని బ్లంబర్గ్ ల్యాబ్‌లో పనిచేసే టెక్నీషియన్ ఒకామె జబ్బుపడి, తన సీరంనే పరీక్షించుకుంటే సన్నటి గీత పడింది. ఆమెకూ హెపటైటిసే. మరి ల్యుకేమియా రోగుల్లో అది అంత ఎక్కువగా ఎందుకుంది? ఎక్కించిన రక్తంతో వైరస్ వచ్చింది, బలహీనపడ్డ రోగనిరోధక శక్తి దాన్ని తరిమేయలేకపోయింది.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. దాతల రక్తానికి పరీక్షలొచ్చాయి, టీకా వచ్చింది, 1997లో మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్ చవకగా టీకా తెచ్చింది. నాకు ఇవాళ ముఖ్యం ఇంకొకటి: రక్త క్యాన్సర్ చికిత్సకు ముందు చేయాల్సిన పరీక్ష.

హెపటైటిస్ బి తగ్గినా వైరస్ జన్యుపదార్థం కాలేయ కణాల కేంద్రకాల్లో దాగి ఉంటుంది. కీమోథెరపీతో, ముఖ్యంగా లింఫోమా అనే రక్త క్యాన్సర్‌కు ఇచ్చే రిటుక్సిమాబ్ మందుతో, రోగనిరోధక శక్తి కాపలా సడలి వైరస్ మళ్లీ పెరుగుతుంది. మందు ఆగి రోగనిరోధక శక్తి తేరుకోగానే వైరస్ ఉన్న కాలేయ కణాల మీద పడుతుంది. ప్రాణాపాయం ఎక్కువగా అప్పుడే.

కాబట్టి చికిత్సకు ముందు రెండు పరీక్షలు అడగండి: హెచ్‌బీఎస్ఏజీ (అదే ఆ ఆస్ట్రేలియా యాంటిజెన్, వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందో లేదో చెబుతుంది), యాంటీ హెచ్‌బీసీ (వైరస్ ఎప్పుడైనా సోకిందని చెప్పే యాంటీబాడీ). మొదటిది ఒక్కటే చేస్తే, పాత ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు తప్పిపోతారు. రక్తం ఎక్కించకముందే నమూనా ఇవ్వండి. దాత యాంటీబాడీలు మీ రిపోర్టులో కనబడి తికమక పెట్టవచ్చు. మొదటిది పాజిటివ్ వస్తే వైరస్‌ను అణిచే ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మాత్రలు కీమోకు ముందే మొదలుపెడతారు. రెండోది ఒక్కటే పాజిటివ్ అయినా, రిటుక్సిమాబ్ ఇవ్వబోతుంటే మాత్రలు అవసరమవుతాయి. తప్పు ఎక్కువగా జరిగేది చివర్లో. కీమో అయిపోయింది కదా అని మాత్రలు మానేస్తారు. మానకండి. కీమో ముగిశాక కనీసం ఏడాది, రిటుక్సిమాబ్ వాడితే అంతకన్నా ఎక్కువ కాలం వేసుకోవాలి. మానేశాక కూడా కొన్ని నెలలు కాలేయ పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలి.