చప్పుడు లేని బంతి

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద రెండు బ్యాట్లు, ఒక బంతి పెట్టాను. వాటి సంగతి చివర్లో చెబుతాను. ముందు మీకు 1952 ఫిబ్రవరి నాటి బొంబాయిని గుర్తు చేయాలి. ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు ఆసియా ఖండంలో అడుగుపెట్టింది అప్పుడే, అదీ మన దేశంలో. 1926లో అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించిన దేశాల్లో భారత్ కూడా ఒకటి కాబట్టి ఆ గౌరవం మనకు ఊరికే దక్కలేదు. అయినా ఆ పోటీల గురించి మనవాళ్లలో తెలిసినవారు తక్కువ. నాకు అది బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఈ ఆట నడక మారిపోయింది అక్కడే.

అప్పటి బ్యాట్ ఎలా ఉండేదో చూడండి. చెక్క, దాని మీద చిన్న చిన్న బుడిపెలున్న పలుచని రబ్బరు, అంతే. బంతి తగలగానే 'టక్' మని మోగేది. ఆటగాడు ఆ మోతను బట్టే ఎదుటివాడు ఎంత బలంగా కొట్టాడో పోల్చుకునేవాడు. బల్ల పొడవు 2.74 మీటర్లు. బంతి ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేలోగా ఆలోచించుకునే వ్యవధి ఉండదు. కన్ను చూసేది సగం, చెవి చెప్పేది సగం. బల్లకు దూరంగా నిలబడి బంతిని కోసి తిప్పి పంపే రక్షణ ఆటగాళ్లకైతే చెవే దిక్కు.

పురుషుల సింగిల్స్‌లో జపాన్ తరఫున హిరోజి సాటో దిగాడు. కళ్లజోడు పెట్టుకున్న సన్నని మనిషి. ప్రపంచ పోటీల్లో జపాన్ ఆడటం అదే మొదటిసారి. అతని బ్యాట్ మీద బుడిపెల రబ్బరు లేదు, మందపాటి స్పాంజి ఉంది. బంతి అందులోకి కాస్త దిగబడి, వడిసెలలోంచి రాయి వెళ్లినట్టు వెళ్లేది. చప్పుడు మాత్రం దాదాపు వినిపించేది కాదు.

ఒక్కసారి ఎదుటివాడి స్థానంలో నిలబడి చూడండి. ఏళ్ల తరబడి సాధన చేసిన చెయ్యి, ఆ 'టక్' కోసం ఎదురుచూస్తుంది. అది రాదు. చెయ్యి తటపటాయిస్తుంది. ఈలోగా బంతి పక్క నుంచి వెళ్లిపోతుంది. గెలుస్తాడని అందరూ అనుకున్న అమెరికా ఆటగాడు మార్టీ రీస్మన్ అలాగే ఓడాడు. ఫైనల్లో హంగేరీకి చెందిన కోట్సియాన్ కూడా నిలవలేకపోయాడు. జట్టు కప్పును హంగేరీ గెలుచుకున్నా, లోకం మాట్లాడుకున్నది సాటో చేతిలోని స్పాంజి గురించే.

సాటో మోసం చేశాడని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. బ్యాట్‌కు ఏం అతికించాలో అప్పటి నిబంధనల్లో పరిమితి లేదు. అతను ఏదీ దాచలేదు, ఏ గీతా దాటలేదు. కానీ రీస్మన్ ఆవేదనను కూడా నేను తేలిగ్గా తీసుకోలేను. ఆయన పాత రబ్బరును జీవితాంతం వదలలేదు. 1997లో, 67 ఏళ్ల వయసులో, అదే రబ్బరుతో ఆడే అమెరికా జాతీయ పోటీలో విజేతగా నిలిచారు. ఆయన దృష్టిలో టేబుల్ టెన్నిస్ ఇద్దరి మధ్య సంభాషణ. స్పాంజి వచ్చి ఒకరి మాట రెండోవారికి వినబడకుండా చేసిందన్నది ఆయన బాధ.

తర్వాతి ఏళ్లు జపాన్‌వే. 1954లో లండన్‌లో ఇచిరో ఒగిమురా సింగిల్స్ గెలిచాడు. జట్టు కప్పు కూడా ఆ ఏడాది నుంచి 1957 వరకు వరుసగా జపాన్‌కే దక్కింది. స్పాంజిని నిషేధించాలా వద్దా అన్న వాదన ఏళ్ల తరబడి సాగి 1959లో తేలింది. ఉత్త స్పాంజి కూడదు, దాని మీద రబ్బరు పొర ఉండాలి, రెండూ కలిపి 4 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చుతుంది. కొత్తదాన్ని తరిమేయలేదు, పాతదాన్ని పాతిపెట్టనూ లేదు. రబ్బరు పొర వల్ల చెవికి కొంత చప్పుడు తిరిగొచ్చింది. స్పాంజి వల్ల బంతి గిరగిరా తిరిగే శక్తి మిగిలింది. ఈనాడు మనం చూసే టాప్ స్పిన్ ఆటంతా ఆ రాజీ నుంచి పుట్టిందే. ఆ ఏడాదే డార్ట్‌మండ్‌లో చైనాకు చెందిన రోంగ్ గువోతువాన్ సింగిల్స్ గెలిచాడు. ఏ క్రీడలోనైనా చైనాకు అదే తొలి ప్రపంచ టైటిల్.

చెవి కథ అంతటితో ఆగలేదు. తర్వాత కొందరు బ్యాట్‌కు రెండు వైపులా వేర్వేరు గుణాలున్న రబ్బర్లు, రెండూ ఒకే రంగులో, అతికించుకున్నారు. చేతిలోనే బ్యాట్‌ను తిప్పేస్తే ఏ వైపు తగిలిందో కంటికి తెలియదు. ఎదుటివాళ్లు మళ్లీ చప్పుడునే నమ్ముకున్నారు. అది కూడా వినపడకుండా సర్వీస్ చేసేటప్పుడు నేల మీద కాలు బలంగా తన్నేవారు! అందుకే 1980లలో రెండు వైపులా రెండు రంగులు తప్పనిసరి చేశారు.

ఇక ఈ బ్యాట్లు. ఎడమ చేతిలోది పాతకాలపు బుడిపెల రబ్బరు, కుడి చేతిలోది ఉత్త స్పాంజి. ముందు వరుసలోని పిల్లలూ, కళ్లు మూసుకోండి. బంతిని ఒకసారి దీని మీద, ఒకసారి దాని మీద ఎగరేస్తాను. ఎప్పుడు బ్యాట్ మార్చానో మీరు చెప్పాలి.