డోలు శిక్షణ అయ్యాక ఏం లెక్కపెట్టాలి?

నమస్తే. సర్కారు పైసలతో మీ ఊళ్లో మూడు నెలలు ఒగ్గుడోలు, అంటే ఒగ్గు కథకులు మల్లన్న కథ చెప్తూ వాయించే డోలు, శిక్షణ పెట్టారనుకుందాం. ఇప్పుడు రిపోర్టులో 'సమాజంపై ప్రభావం' అని ఒక గడి ఉంది. అందులో ఏం రాస్తారు?

ముందు నా తప్పు చెప్తాను. ఒకసారి హన్మకొండ దగ్గర ఇలాంటి కార్యక్రమం చివర్లో ఫారాలు పంచాను. అన్నింట్లో ఐదుకు ఐదే! తెగ సంబరపడ్డాను. తీరా చూస్తే, ఫారం నింపి ఇచ్చినవాళ్లకే మావాళ్లు భోజనం కూపన్ ఇస్తున్నారు. ఆకలి మీదున్న మనిషి నాలుగెందుకు వేస్తాడు?

కూపన్ లేకపోయినా ఆ ఫారం పనికొచ్చేది కాదు. బ్రిటన్‌లో 1997లో ఫ్రాంస్వా మాటరాసో అనే పరిశోధకుడు, కళల్లో పాల్గొంటే సమాజానికి కలిగే 50 ప్రయోజనాల జాబితా ఇచ్చారు. 2002లో పావోలా మెర్లి దాన్ని గట్టిగా ప్రశ్నించారు. పాల్గొన్నవాళ్లు ముందు ఎలా ఉండేవాళ్లో చూడకుండా, మారారని ఎలా తేలుస్తారన్నది ఆమె అభ్యంతరాల్లో ఒకటి.

అందుకే ఈ షీట్ చూడండి. పేరు పక్కన ఉన్న ఈ గడులు శిక్షణ మొదలుకాకముందే నింపాలి. 'బాగుందా' అని అడగొద్దు, జరిగింది అడగండి. గడిచిన మూడు నెలల్లో మల్లన్న పట్నాలకు, అంటే ముగ్గులు వేసి చేసే మల్లన్న పూజకు, ఎన్నిసార్లు పిలిచారు? చేతికి ఎంత వచ్చింది? డోలు సొంతమా, అడిగి తెచ్చుకున్నదా?

ఇవే ప్రశ్నలు మళ్లీ సరిగ్గా ఏడాదికి అడగాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న జాతరలు సంక్రాంతికి మొదలై ఉగాది దాకా నడుస్తాయి. దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి అడిగితే పిలుపులు ఎగబాకినట్టే కనిపిస్తాయి. అది మీ శిక్షణ చలవ కాదు, మల్లన్న దయ!

శిక్షణకు రాని పక్కూరి బృందాన్ని కూడా అవే అడగండి. వాళ్లకూ పిలుపులు అంతే పెరిగితే, ఆ పెరుగుదలను మీ ఖాతాలో వేసుకోకండి.

అడిగే మనిషి మాత్రం గురువు కాకూడదు. 'మీరు సరిగ్గా నేర్పలేదు' అని ఏ శిష్యుడైనా ముఖం మీద అంటాడా?

ఇంకొక్కటి. ఏడాదిలో సిమ్‌లు మారిపోతాయి. ఈ చివరి గడిలో ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా రాసుకోండి, వీలైతే అమ్మది.