చాచా గుర్రానికి జ్వరం | మా కడప వ్లాగ్

అమెరికాలోని కనెక్టికట్ నుంచి వచ్చి ఇవాళ్టికి నాలుగో రోజండీ. కారం దోశ వీడియో తీద్దామని పొద్దున్నే బయల్దేరితే, పక్కింటి చాచా గుమ్మం దగ్గరే ఆపారు. "బేటీ, రాత్రి నుంచి గుర్రం గడ్డి ముట్టలేదు. అడుగు తీసి అడుగు వెయ్యడం లేదు." పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్ల గుర్రం అది, చాచా ఇంటికి అదే ఆధారం. ఇంక దోశ ఎక్కడ గుర్తుంటుంది!

జ్వరం చూస్తే 104.5. గుర్రానికి 101.5 దాటిందంటే జ్వరమే. జూలు కింద వెంట్రుకలు పాయలు తీసి చూశాను. చెవి లోపల, తోక కింద, తొడల సందుల్లో గోమార్లు. ఒకటైతే రక్తం తాగి చిక్కుడు గింజంత ఉబ్బింది. చాచా కిరసనాయిలు తెస్తానన్నారు, వద్దన్నాను. పట్కారును చర్మానికి ఆనించి గోమారిని మూతి దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగాలి.

పోయిన అక్టోబర్‌లో కనెక్టికట్‌లో మా అమ్మాయి స్వారీ నేర్చుకునే చోట ఒక గుర్రానికి ఇలాగే అయింది. కాళ్లు వాచాయి, చిగుళ్లు పసుపెక్కాయి, నడిస్తే తూలేది. కడుపునొప్పేమో అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాం. ఆ రెండు రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. చివరికి రక్తం స్లైడు చూశారు. తెల్ల కణాల లోపల గుత్తులు, అచ్చం మన హిందూపురం వైపు మల్బరీ పళ్లలాగా. అనాప్లాస్మా అనే బాక్టీరియా. అక్కడ జింకల మీద బతికే నల్లకాళ్ల గోమారి దాన్ని ఎక్కిస్తుంది. నరానికి ఆక్సీటెట్రాసైక్లిన్ ఇస్తే మర్నాటికే జ్వరం దిగింది.

"అయితే అదే సూది వేయిద్దాం" అన్నారు చాచా. అక్కడే ఆగాలండీ. మన దేశంలో గుర్రాలకు గోమార్ల వల్ల థైలీరియా, బెబీసియా కూడా వస్తాయి. అవి బాక్టీరియా కాదు, ఎర్ర కణాల్లో దూరే పరాన్నజీవులు. జ్వరం, పసుపు చిగుళ్లు, కాళ్ల వాపు అన్నీ ఒకేలా ఉంటాయి. మందు మాత్రం వేరు. రక్తం చూడకుండా సూది వెయ్యకూడదు.

పశువుల డాక్టరు గారు వచ్చి మెడ నరం నుంచి రక్తం తీసుకెళ్లారు. సాయంత్రం ఫోన్ వచ్చింది: ఎర్ర కణాల్లో బెబీసియా. దాని మందు మొదలుపెట్టారు.

ఆదివారం పెళ్లి బేరం ఉంది. చాచా ఆ పెళ్లివాళ్లకు ఫోన్ చేసి వేరే గుర్రాన్ని చూసుకోమని చెప్పేశారు.