ముందుగా కోరస్‌కే కత్తెరా?

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ అధ్యక్షులు చెప్పేశారు, నేను నేరుగా విషయానికొస్తాను. 'లాస్ట్ ఇన్ ద స్టార్స్' సంగీత నాటకం వేసేటప్పుడు ఖర్చు తగ్గించాలని ముందుగా కోరస్‌ను, అంటే గుంపుగా పాడే బృందాన్ని, కోసేయకండి.

ఆ నాటకం 1949 అక్టోబరు 30న న్యూయార్క్‌లో మొదలైంది. అలన్ పేటన్ నవలను మాక్స్‌వెల్ ఆండర్సన్ నాటకం చేస్తే, 1933లో హిట్లర్ జర్మనీ విడిచి వచ్చిన కుర్ట్ వైల్ పాటలు కట్టాడు. కథానాయకుడు, నల్లజాతి పాస్టరు కుమాలోది దక్షిణాఫ్రికాలోని నటాల్ పల్లె. 1860 నుంచి మన తెలుగు కూలీలు చెరకు తోటలకు ఓడలెక్కి వెళ్లిన నటాలే. జాడలేని కొడుకును వెతుక్కుంటూ ఆయన జొహానెస్‌బర్గ్ వెళతాడు. దొంగతనానికి దిగిన ఆ కొడుకు చేతిలో, నల్లవాళ్ల పక్షాన నిలిచిన తెల్లవాడే చనిపోతాడు. వెంట ఉన్న ఇద్దరూ కోర్టులో అబద్ధమాడి బయటపడతారు. నిజం ఒప్పుకున్న కొడుకు అబ్సలోంకు ఉరిశిక్ష! విచారణకు ముందే, అబద్ధమాడి బతకమని కొడుక్కి చెప్పాలా అని ఆ తండ్రి దేవుణ్ణి నిలదీస్తాడు.

ఖర్చు అనగానే కత్తెర కోరస్ మీద పడుతుంది. అప్పుడు మిగిలేది తండ్రీకొడుకుల ఏడుపే. అయ్యా, హత్య తర్వాత వచ్చే 'ఫియర్' పాట తీసుకోండి. నల్లవాళ్లు ఒక గుంపు, తెల్లవాళ్లు ఒక గుంపు. మీరంటే భయమని ఇటు, మీరంటేనే భయమని అటు. గాయక బృందం అలవాటు కొద్దీ సొప్రానోలను (పైస్థాయి ఆడగొంతులను) ఒకచోట, బాస్‌లను (కిందిస్థాయి మగగొంతులను) ఒకచోట నిలబెడితే ఆ పాట చచ్చినట్టే. గుంపుల మధ్య ఖాళీ కనబడాలి. ఒకరి మాట ముగిసీ ముగియకముందే రెండోవాళ్లు అందుకోవాలి.

ఇంకొకటి. వైల్ పెట్టింది 12 మంది వాద్యగాళ్లనే, వయోలిన్ లేదు. వయోలిన్ కుటుంబంలోనే పెద్దవైన వయోలాలు, చెల్లోలు, డబుల్ బాస్ కిందిస్థాయిలో ఉంటాయి. పైన గొంతుకు చోటుంటుంది. 'నిండుగా ఉంటుంద'ని కీబోర్డు మీద స్ట్రింగ్స్ (వయోలిన్ల గుంపు లాంటి శబ్దం) నొక్కారా, మాట మునిగిపోతుంది. దయచేసి నొక్కకండి!

కుమాలోగా పాడిన నల్లజాతి గాయకుడు టాడ్ డంకన్ గురించి చెప్పకుండా ఎలా? 1936లో వాషింగ్టన్ నేషనల్ థియేటర్లో ఆయన పాడే 'పోర్గీ అండ్ బెస్' ఒపెరా. హాల్లో నల్లవాళ్లకు ప్రవేశం లేదు. బాల్కనీ ఇస్తామని బేరమాడారు. ఏ సీటైనా కొనుక్కోనిస్తేనే పాడతానన్నాడు. దిగొచ్చారు. అలాంటి మనిషి నిలబడ్డ నాటకంలో కోరస్ అలంకారమంటారా?

తగ్గించాలంటే సెట్లు తగ్గించండి. జొహానెస్‌బర్గ్ రైలు పాటకు బోగీ అక్కర్లేదు, కోరస్ లయే రైలు. తెల్లవాడు వెళ్తే తిరిగొస్తాడు, నల్లవాడు రాడని చెప్పేదీ ఆ కోరస్సే. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గొంతులు చాలు. చర్చి బృందాల్లో, సంగీత కళాశాలల్లో అడగండి. రిహార్సల్ డబ్బు ముందు వాళ్లకివ్వండి.