గ్రిట్టర్ మా వీధికి ఎందుకు రాదు?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఇవాళ మనతో ఒక అక్క ఉన్నారు. తెనాలి వాళ్లు. పన్నెండేళ్లుగా దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నారు. పేరు, ఊరు చెప్పొద్దన్నారు, కాబట్టి అక్క అనే పిలుస్తాను. అక్కా, మీరు వీలున్నప్పుడల్లా సాయంత్రం కౌన్సిల్, అంటే మన మున్సిపాలిటీ లాంటిది, దాని మీటింగ్‌కి వెళ్లి కూర్చుంటారట కదా. ఎలా మొదలైంది ఇది?

అక్క: మా అమ్మ మెట్టు కడగడంతో మొదలైంది తమ్ముడూ. మూడేళ్ల కిందట చలికాలంలో అమ్మానాన్నా మా దగ్గరికొచ్చారు. జనవరిలో ఒకరోజు పొద్దున తలుపు తీస్తే మెట్టంతా తెల్లగా మంచు పట్టి ఉంది. అమ్మకి లేవగానే వాకిలి కడిగే అలవాటు కదా. కెటిల్ నిండా నీళ్లు మరగబెట్టి పోసేసింది. మంచు కరిగిపోయింది, మెట్టు శుభ్రమైంది, అమ్మ లోపలికొచ్చి కాఫీ పెట్టుకుంది. కాసేపటికి ఆ నీళ్లే అద్దంలా గడ్డకట్టాయి. చూస్తే తడిగా ఉన్నట్టే ఉంటుంది, అంతే. నాన్న చెప్పులేసుకుని అడుగు బయట పెట్టారు. మణికట్టు విరిగింది.

హోస్ట్: అయ్యో.

అక్క: అమ్మ ఆ రోజంతా ఏడుస్తూనే ఉంది. అందుకే వినేవాళ్లందరికీ ముందు ఇదే చెప్తున్నా. మంచు మీద వేడినీళ్లు పొయ్యొద్దు. వంటింట్లో ఉప్పు చాలు. చదరపు మీటరుకి ఒక పెద్ద చెంచాడు చల్లమని ఇక్కడి ప్రభుత్వమే చెప్తుంది. ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే మొదటిరోజే చెప్పండి.

హోస్ట్: మరి కౌన్సిల్ సంగతి?

అక్క: అక్కడికే వస్తున్నా. నాన్నని కార్లో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. మా వీధి చివరిదాకా కారు జారుతూనే పోయింది, మా ఆయన బ్రేక్ మీద కాలు పెట్టడానికే భయపడ్డాడు. మెయిన్ రోడ్డు ఎక్కగానే అంతా మామూలే. టైర్ల కింద గోధుమరంగు రవ్వ కరకరలాడుతోంది. అది రాతి ఉప్పు. చెషైర్‌లో విన్స్‌ఫోర్డ్ అని ఒక ఊరుంది, అక్కడ 1844 నుంచి భూమి లోపల ఉప్పు గని నడుస్తోంది. దాంట్లో మట్టి కలిసి ఉంటుంది కాబట్టి ఆ రంగు. మంచు పడ్డాక కాదు, గడ్డకట్టబోతోందని రోడ్డు ఉష్ణోగ్రత చూసుకుని ముందే సాయంత్రమో తెల్లవారుజామునో చల్లేస్తారు. చల్లే లారీనే గ్రిట్టర్ అంటారు. ఇంత చేసేవాళ్లు మా వీధిని ఎందుకు వదిలేశారు? మరునాడే ఫోన్ చేశాను. అవతల మనిషి మర్యాదగానే చెప్పాడు, మేడమ్, మీ రోడ్డు మాది కాదు అని.

హోస్ట్: అంటే చిన్న రోడ్డు కాబట్టి రారనా?

అక్క: చిన్న రోడ్లకి రాకపోవడం వేరే సంగతి. అన్ని రోడ్లకీ ఉప్పు చల్లే కౌన్సిల్ దాదాపుగా ఎక్కడా ఉండదు. బస్సులు తిరిగేవి, ఆసుపత్రికి వెళ్లేవి, అలాంటివి ముందు పెట్టుకుంటారు. నాకు చెప్పింది అది కాదు. మా రోడ్డు అసలు కౌన్సిల్ లెక్కలోనే లేదు. మాది కొత్తగా కట్టిన ఎస్టేట్, అంటే ఇళ్ల కాలనీ. బిల్డర్ రోడ్డేశాడు, పార్కుకి జాగా వదిలాడు, కానీ రెండూ కౌన్సిల్‌కి అప్పగించలేదు. దీన్ని ఇక్కడ ‘అడాప్ట్’ కాని రోడ్డు అంటారు. గడ్డి కోయడానికి, దీపాలకి ఒక మేనేజ్‌మెంట్ కంపెనీని పెట్టి మా దగ్గర ఏటా డబ్బు వసూలు చేస్తారు. కౌన్సిల్ ట్యాక్స్ మాత్రం అందరితో సమానంగా కడతాం.

హోస్ట్: మన హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీ మెయింటెనెన్స్ లాగా.

అక్క: కొనేటప్పుడు నేనూ అచ్చం అదే అనుకున్నా. మనకి అలవాటైన మాటే కదా, మెయింటెనెన్స్ అనగానే తలూపేశాను. మన తెలుగువాళ్లలో చాలామంది ఇక్కడ కొనేది కొత్త ఇళ్లే, కాబట్టి ఇది మన సమస్య. 2024 ఫిబ్రవరిలో ఇక్కడి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ ఒక నివేదిక ఇచ్చింది. 2021–22లో పదకొండు పెద్ద బిల్డర్లు అమ్మిన కొత్త ఇళ్లలో 80 శాతానికి ఈ ఎస్టేట్ ఛార్జీలు ఉన్నాయట. సగటున ఏడాదికి 350 పౌండ్లు.

హోస్ట్: మరి కౌన్సిల్‌కి చట్టప్రకారం బాధ్యత ఏం లేదా?

అక్క: మంచు విషయంలో ఆ బాధ్యత రావడమే ఒక కథ. మంచుమీద కారు జారి దాదాపు ఒళ్లంతా చచ్చుబడిపోయిన ఒకాయన ఈస్ట్ ససెక్స్ కౌంటీ మీద దావా వేశాడు. 2000లో హౌస్ ఆఫ్ లార్డ్స్, అప్పట్లో ఇక్కడ అన్నిటికంటే పై కోర్టు అదే, ఏమందంటే, రోడ్డు బాగుచెయ్యడం మాత్రమే కౌన్సిల్ విధి, మంచు తియ్యడం దాంట్లోకి రాదు అంది. ఆయన ఓడిపోయాడు. పార్లమెంటు 2003లో చట్టాన్నే మార్చింది. సాధ్యమైనంత మేరకు మంచువల్ల రాకపోకలకి ప్రమాదం లేకుండా చూడాలి అని రోడ్ల చట్టంలో ఒక వాక్యం చేరింది. ఆ వాక్యం చదివి నేనెంత సంబరపడ్డానో! తీరా చూస్తే అది ప్రజాధనంతో నడిచే రోడ్లకే. మా వీధి అందులో పడదు.

హోస్ట్: అప్పుడు మీటింగ్‌కి వెళ్లారు.

అక్క: అప్పుడే. మాది యూనిటరీ కౌన్సిల్, అంటే రోడ్లు, పార్కులు, ప్లానింగ్ అన్నీ ఒకే చోట. చాలా ఊళ్లలో అలా ఉండదు. రోడ్లు పెద్ద ప్రాంతాన్ని చూసే కౌంటీ కౌన్సిల్‌వి, పార్కులు, ప్లానింగ్ అందులోని చిన్న డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌వి. ఎవరిని అడగాలో తెలుసుకోవడానికే సగం ఓపిక అయిపోతుంది. నేను వెళ్లింది స్క్రూటినీ కమిటీకి. లీడరు, కేబినెట్ కలిసి నిర్ణయాలు చేస్తారు. ఆ నిర్ణయాలని నిలదీయడానికి కేబినెట్‌లో లేని కౌన్సిలర్లతో కూర్చే కమిటీ ఇది. 2000 నాటి చట్టంతో వచ్చింది. అధికారుల్ని పిలిచి అడగొచ్చు, కాగితాలు తెప్పించుకోవచ్చు, తీసుకున్న నిర్ణయం ఇంకా అమలు కాకముందే ఆపి మళ్లీ ఆలోచించమనొచ్చు. రద్దు చేసే అధికారం మాత్రం లేదు.

హోస్ట్: రద్దు చెయ్యలేనప్పుడు ప్రయోజనం ఏంటి అనుకుంటారు కదా వినేవాళ్లు.

అక్క: ఆ గదిలో ఒక్క సాయంత్రం కూర్చుంటే తెలుస్తుంది. నేను వెళ్లినరోజు అజెండాలో మూడు పెద్ద అంశాలు, టౌన్ సెంటర్ ప్రణాళిక, పార్కుల ఖర్చు, చలికాలం ఏర్పాట్లు. కాగితాలు నూటనలభై పేజీలు. ప్రజలకి వేసిన కుర్చీలు ఇరవై, కూర్చుంది నేనూ ఇంకొక పెద్దావిడా. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఏ రోడ్డుకి ఉప్పు, ఎంత నిల్వ, పసుపుపచ్చ ఉప్పు డబ్బాలు ఎక్కడ పెట్టాలి, ఇదంతా సెప్టెంబర్‌లోనే తేలిపోతుంది. జనవరిలో మనం ఫోన్ చేసి అరిస్తే అవతలివాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు.

హోస్ట్: మీరేం అడిగారు?

అక్క: ముందుగా రాసి పంపితే మూడు నిమిషాలు ఇస్తారు. నా కాగితం వణుకుతోంది. మా ఎస్టేట్ నుంచి బడికి వెళ్లే కాలిబాట మీ మ్యాప్‌లో ఎందుకు లేదు, మా వీధి మొదట్లో మీ రోడ్డు మొదలయ్యేచోట ఒక ఉప్పు డబ్బా పెట్టగలరా అని అడిగాను. వేరే పార్టీ కౌన్సిలర్ ఒకాయన నా ప్రశ్న పట్టుకుని అధికారిని ఇంకో రెండు అడిగాడు. అడాప్ట్ కాని ఎస్టేట్లు ఊళ్లో ఎన్ని, వాటిలో ఇళ్లెన్ని అని. ఆయన దగ్గర లెక్క లేదు. వచ్చే మీటింగ్‌కి తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. నవంబర్‌లో డబ్బా వచ్చింది. పసుపుపచ్చ డబ్బా, మూత తీస్తే లోపల ఆ మట్టిరంగు ఉప్పు. నాన్నకి ఫొటో తీసి పంపాను.

హోస్ట్: టౌన్ సెంటర్ అంశం కూడా విన్నారా ఆ రోజు?

అక్క: విన్నాను, సగం అర్థం కాలేదు. ఇంటికొచ్చి వోకింగ్ గురించి చదివాక భయమేసింది. సర్రేలో వోకింగ్ తెలుసుగా, లండన్ ట్రెయిన్ ఎక్కే మనవాళ్లు చాలామందే ఉంటారు. లక్ష పైచిలుకు జనం, మా తెనాలి కంటే చిన్నది. టౌన్ సెంటర్ మార్చేద్దామని విక్టోరియా స్క్వేర్ అని ఆకాశానికంటే టవర్లు, హోటల్, షాపులు మొదలుపెట్టారు. కౌన్సిల్ ప్రభుత్వం దగ్గర తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి, కట్టే కంపెనీలకి అప్పిచ్చింది. 2023 జూన్‌లో సెక్షన్ 114 నోటీసు ఇచ్చారు, అంటే చేతులెత్తేసినట్టే, తప్పనిసరి సేవలకి తప్ప కొత్తగా పైసా ఖర్చు పెట్టడానికి లేదు. లోటు 120 కోట్ల పౌండ్లు. ఆ కౌన్సిల్ చేతిలో ఏడాదికి ఉండే డబ్బు కోటీ 60 లక్షలు. మరుసటి ఏడాది కౌన్సిల్ ట్యాక్స్ 10 శాతం పెరిగింది.

హోస్ట్: అంత అప్పు చేస్తుంటే ఎవరూ అడగలేదా?

అక్క: నాకూ అదే బాధ. అది ఒక్కరోజులో చేసిన అప్పు కాదు, ఏళ్ల తరబడి పెరిగింది. ప్రతిసారీ ఒక అజెండా ఉండే ఉంటుంది, ఒక గది ఉండే ఉంటుంది. వ్యాపార రహస్యం అనే కారణంతో కొన్ని అంశాలప్పుడు ప్రజల్ని బయటికి పంపొచ్చు, దానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ బయటికి పంపాలన్నా ముందు లోపల ఎవరో ఒకరు కూర్చుని ఉండాలి కదా. ఎందుకు పంపిస్తున్నారు అని అడిగే మనిషి ఉండాలి.

హోస్ట్: జనం గట్టిగా నిలబడి మార్చిన సందర్భాలు ఉన్నాయా?

అక్క: షెఫీల్డ్ ఉంది. రోడ్ల కాంట్రాక్ట్‌లో భాగంగా వీధి చెట్లు వేలల్లో కొట్టేశారు. 2016 నవంబర్‌లో రస్ట్‌లింగ్స్ రోడ్డులో తెల్లవారుజామున ఐదింటికి పోలీసులతో వచ్చి, నిద్రపోతున్నవాళ్లని లేపి కార్లు తీయించి మరీ కొట్టారు. అడ్డుపడ్డ డెబ్బై దాటిన ఆడవాళ్లు ఇద్దరిని అరెస్ట్ చేశారు. తర్వాత జనం సంతకాలు సేకరించి రిఫరెండం తెప్పించుకున్నారు. 2021 మేలో ఓటేసినవాళ్లలో 65 శాతం దాకా, కొద్దిమంది కేబినెట్ పద్ధతి వద్దు, కౌన్సిలర్లందరూ కమిటీల్లో కూర్చుని నిర్ణయించాలి అన్నారు. ఏడాదికల్లా పద్ధతి మారింది.

హోస్ట్: పార్కుల సంగతి చెప్పండి. మీ ఎస్టేట్‌లో పార్కు ఉందన్నారుగా.

అక్క: పార్కు అంటే ఊయల స్తంభాలు ఉన్నాయి, ఊయల లేదు. రెండేళ్లు అలాగే ఉంది. మా చిన్నది ఆ స్తంభం చుట్టూ తిరుగుతూ ఆడుకునేది. ఒక సంగతి నమ్మలేకపోయాను తమ్ముడూ. ఇంగ్లండ్‌లో పార్కు పెట్టాలని కౌన్సిల్ మీద చట్టపరమైన విధి లేదు. డబ్బు తగ్గగానే మొదట కత్తెర పడేది దానికే. కూరగాయల మళ్లకి మాత్రం ఉంది! అలాట్‌మెంట్ అంటారుగా, 1908 చట్టం. ఆరుగురు ఓటర్లు కలిసి రాసిస్తే కౌన్సిల్ పరిశీలించి తీరాలి, ఒక్క లండన్ నడిబొడ్డున తప్ప. మెంతికూర, కొత్తిమీర వేసుకోవాలని ఉందా, ఐదుగురిని వెతుక్కోండి.

హోస్ట్: ఇది నిజంగా నాకు తెలీదు. మరి ఊయల?

అక్క: బిల్డర్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు సెక్షన్ 106 ఒప్పందం అని ఒకటి రాయించుకుంటారు. బడికి ఇంత, రోడ్డుకి ఇంత, ఆటస్థలం ఇన్ని ఇళ్లు నిండేలోపు పూర్తి చెయ్యాలి అని. ప్లానింగ్ వెబ్‌సైట్లో మన ఎస్టేట్ దరఖాస్తు నంబర్ కొడితే ఆ కాగితం వస్తుంది. మాది డెబ్బై పేజీలు. మా ఆయనా నేనూ రెండు రాత్రులు కూర్చుని చదివాం. ఆటస్థలం పూర్తి కావాల్సిన గడువు మేం ఇంట్లో దిగకముందే దాటిపోయింది. ఆ పేజీ జతచేసి ప్లానింగ్ వాళ్లకి రాశాం, స్క్రూటినీలో అడిగాం. ఆ వేసవిలో ఊయల బిగించారు. పక్కన జారుడుబల్ల ఇంకా రావాలి.

హోస్ట్: మన దగ్గర ఇలా అడిగే చోటు ఉందంటారా?

అక్క: కాగితం మీద ఉంది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకీ కమిటీలు రాశారు. లేఅవుట్‌లో పార్కుకి వదిలిన జాగా గురించైతే 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, పార్కు స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కి ఇవ్వడం కుదరదని. ఆ కేసు నడిపింది ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లే. మా తెనాలి తమ్ముళ్లకి కూడా ఈ తీర్పు గురించి చెప్తుంటాను.

హోస్ట్: చివరగా, మేమింకా వీసా మీద ఉన్నాం, మాకేం హక్కు అనుకునేవాళ్లకి?

అక్క: ఓటు హక్కే ఉంది! భారతీయులం కామన్వెల్త్ పౌరులం. చెల్లే వీసాతో ఇక్కడ నివాసం ఉంటే స్టూడెంట్ అయినా సరే ఓటరుగా నమోదు కావచ్చు. పోలింగ్ బూత్‌లో ఫొటో ఐడీగా మన భారత పాస్‌పోర్ట్ చెల్లుతుంది. నాకిది ఎనిమిదేళ్ల తర్వాత తెలిసింది. ఆ ఎనిమిదేళ్లూ పోయినట్టే కదా అని ఇప్పటికీ బాధపడతాను. ఓటు లేకపోయినా మీటింగ్‌కి వెళ్లొచ్చు. అజెండా ఐదు రోజుల ముందే బయటపెట్టాలి. వీడియో తీసుకోవచ్చు. ఏడాదికోసారి ముప్ఫై పనిరోజులు ఆ ప్రాంతంవాళ్లు కౌన్సిల్ లెక్కల పుస్తకాలు చూడొచ్చు.

హోస్ట్: తర్వాతి మీటింగ్ ఎప్పుడక్కా?

అక్క: వచ్చే మంగళవారం, ఏడింటికి. జారుడుబల్ల ప్రశ్న పంపేశాను. అమ్మ మళ్లీ వచ్చింది, తనూ వస్తానంటోంది. ఇంగ్లీషు రాకపోయినా కుర్చీలో కూర్చుంటాను, ఖాళీగా ఎందుకుండాలి అంటోంది. ఇద్దరం ఆరున్నరకే బయల్దేరతాం.